మ్యాన్‌హోల్‌లోకి మనిషి దిగకుండానే డ్రైనేజీ పైపు లోపల ఏముందో ఎలా తెలుస్తుంది?

మీ వీధిలో మ్యాన్‌హోల్ పొంగిందంటే ఎక్కడో పైపు మూసుకుపోయిందని అర్థం. ఎక్కడ మూసుకుపోయింది? చెత్త అడ్డుపడిందా, చెట్టు వేరు దూరిందా, పైపే కూలిందా? రోడ్డు మీద నిలబడి చూస్తే ఇవేవీ తెలియవు. చాలా ఏళ్లపాటు మన నగరాల్లో దీనికి దొరికిన పరిష్కారం ఒక్కటే. నడుముకు తాడు కట్టి ఒక మనిషిని లోపలికి దింపడం.

అలా దిగినవాళ్లలో ఎంతోమంది ప్రాణాలతో పైకి రాలేదు. 2019 నుంచి 2023 వరకు మురుగు లైన్లు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 377 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది.

ఇప్పుడు పైపు లోపలికి కెమెరా వెళ్లగలదు, రోబో వెళ్లగలదు, శబ్ద తరంగం వెళ్లగలదు. మరి ఈ పరికరాలు ఏం చూడగలవు, ఏం చూడలేవు? మన నగరాల్లో ఇవి ఎంతవరకు వచ్చాయి? మీ అపార్ట్‌మెంట్‌కు దీంతో సంబంధం ఏమిటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

పైపు లోపల ఏం జరుగుతుంది?

మురుగు పైపుల్లో నీళ్లు ఎక్కువగా వాలు మీదే పారతాయి. తాగునీటి పైపుల్లోలాగా వెనక నుంచి తోసే ఒత్తిడి ఉండదు. అందుకే మురుగు కనీసం సెకనుకు 0.6 మీటర్ల వేగంతో పారేలా ఇంజనీర్లు వాలు లెక్కగడతారు. వేగం అంతకంటే తగ్గితే ఇసుక, బురద అడుగున పేరుకుంటాయి. వాటి మీద వంటింటి నూనె, కొవ్వు గడ్డకడతాయి. జాయింట్ల దగ్గర సన్నని సందు కనిపిస్తే చాలు, చెట్ల వేర్లు తేమ కోసం లోపలికి చొచ్చుకువస్తాయి.

లండన్‌లోని వైట్‌చాపెల్ ప్రాంతంలో 2017లో బయటపడిన కొవ్వు గడ్డ సుమారు 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు ఉంది. వంట నూనె, వెట్ వైప్స్ కలిసి గట్టిపడి తయారైన గడ్డ అది. దాన్ని తొలగించడానికి వారాలు పట్టింది.

కంటికి కనిపించని ముప్పు ఇంకొకటి ఉంది. గాలి ఆడని బురదలో పెరిగే బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును తయారుచేస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దీనిదే. ఇది రెండు రకాలుగా దెబ్బతీస్తుంది.

మొదటిది, మనిషిని చంపుతుంది. గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాల స్థాయికి, అంటే 100 పీపీఎంకు చేరితే కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన ఆగిపోతుంది కాబట్టి గ్యాస్ పోయిందనుకుంటారు, కానీ గ్యాస్ అక్కడే ఉంటుంది. 500 నుంచి 700 పీపీఎం ఉంటే నిమిషాల్లో కుప్పకూలిపోతారు. 1,000 దాటితే దాదాపు తక్షణమే ప్రాణం పోతుంది. పడిపోయిన మనిషిని కాపాడాలని దిగిన రెండో మనిషి, మూడో మనిషి కూడా చనిపోవడం మన వార్తల్లో పదేపదే కనిపించేది ఇందుకే.

రెండోది, పైపును తినేస్తుంది. ఈ గ్యాస్ పైకి లేచి పైపు పైభాగంలో ఉండే తడికి అంటుకుంటుంది. అక్కడ మరో రకం బ్యాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారుస్తుంది. ఆ యాసిడ్ కాంక్రీటును మెత్తటి పిండిలా చేసేస్తుంది. ఇనుప కడ్డీలు బయటపడి తుప్పు పడతాయి. మురుగు మాత్రం పైపులో మామూలుగానే పారుతూ ఉంటుంది కాబట్టి పైన రోడ్డు మీద వెళ్లేవాళ్లకు ఏ తేడా తెలియదు. తేడా తెలిసే సరికి రోడ్డే కుంగిపోవచ్చు.

జపాన్‌లో లారీని మింగిన రోడ్డు

టోక్యోకు ఉత్తరాన ఉన్న సైతామా ప్రిఫెక్చర్‌లో యాషియో అనే పట్టణం ఉంది. 2025 జనవరి 28 ఉదయం అక్కడ ఒక కూడలిలో రోడ్డు ఒక్కసారిగా కుంగిపోయింది. అటుగా వెళ్తున్న లారీ అందులో పడిపోయింది. డ్రైవర్ వయసు 74 ఏళ్లు. గొయ్యి రోజురోజుకూ పెద్దదైంది. మురుగు ఆగకుండా లోపలికి వస్తుండటంతో సహాయక చర్యలు కష్టమయ్యాయి. చుట్టుపక్కల పట్టణాల్లోని సుమారు 12 లక్షల మందిని స్నానాలు, బట్టలు ఉతకడం తగ్గించుకోవాలని అధికారులు కోరాల్సి వచ్చింది. డ్రైవర్ మృతదేహాన్ని బయటకు తీసేసరికి మే నెల వచ్చేసింది.

రోడ్డుకు సుమారు 10 మీటర్ల లోతున ఉన్న 4.75 మీటర్ల వ్యాసం గల మురుగు పైపు దెబ్బతినడమే దీనికి కారణమని, హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల కాంక్రీటు తినేయడమే మూలమని అధికారులు భావించారు. ఆ పైపు 1983 నుంచి వాడుకలో ఉంది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆ పైపును ఎవరూ చూడకుండా వదిలేయలేదు. కొన్నేళ్ల ముందే తనిఖీ చేశారు. కొంత క్షయం ఉంది కానీ వెంటనే మరమ్మతు అవసరం లేదని తేల్చారు. జపాన్‌లో క్షయానికి గురయ్యే అవకాశమున్న మురుగు లైన్లను అయిదేళ్లకు ఒకసారైనా తనిఖీ చేయాలనే నిబంధన కూడా ఉంది. ప్రమాదం తర్వాత 2 మీటర్లు, అంతకు మించిన వ్యాసం ఉండి, వేసి 30 ఏళ్లు దాటిన పైపులను దేశమంతటా తిరిగి పరీక్షించాలని ప్రభుత్వం ఆదేశించింది.

అంటే చూడటం ఒక్కటే సరిపోదు. ఏ పరికరంతో చూశారు, చూసిందాన్ని ఎలా అంచనా వేశారు, ఆ తర్వాత ఏం చేశారు అనేవి కూడా అంతే ముఖ్యం. మురుగు తనిఖీ రంగంలో ఇప్పుడు వస్తున్న మార్పులన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతున్నాయి.

కెమెరా తనిఖీ ఎలా చేస్తారు?

ప్రపంచమంతటా ఎక్కువగా వాడేది సీసీటీవీ పద్ధతే. యూరప్‌లో ఇది 1950ల చివరి నుంచే ఉంది. చక్రాలున్న చిన్న బండిని మ్యాన్‌హోల్ నుంచి పైపులోకి దింపుతారు. దాని ముందు అన్ని వైపులకూ తిరిగే కెమెరా, ఎల్‌ఈడీ లైట్లు ఉంటాయి. వెనక పొడవాటి కేబుల్ ఉంటుంది. కేబుల్ ఎంత విప్పుకుందో మీటర్ లెక్కపెడుతుంది. రోడ్డు మీద వ్యాన్‌లో కూర్చున్న ఆపరేటర్ స్క్రీన్‌పై చూస్తూ బండిని నడుపుతాడు. ఇంటి నుంచి వచ్చే సన్నని పైపులకు చక్రాల బండి పట్టదు కాబట్టి, బిరుసైన కేబుల్ చివర కెమెరా బిగించి చేత్తో లోపలికి తోస్తారు.

కెమెరా వెళ్లే ముందు పైపు శుభ్రంగా ఉండాలి. అందుకు జెట్టింగ్ మిషన్ వాడతారు. హైదరాబాద్‌లో మీరు ఎయిర్‌టెక్ మిషన్ అని వినే బండి చేసే పని ఇదే. గొట్టం చివర ఉన్న నాజిల్ నుంచి నీళ్లు వెనక్కి చిమ్ముతాయి. ఆ తోపుడుతోనే నాజిల్ ముందుకు దూసుకెళ్తుంది. గొట్టాన్ని వెనక్కి లాగేటప్పుడు బురదను మ్యాన్‌హోల్ దాకా లాక్కొస్తుంది. అక్కడి నుంచి సక్షన్ పంపు దాన్ని పైకి తీస్తుంది.

చూసిన లోపాన్ని ఎలా రాసుకుంటారన్నది మరో ముఖ్యమైన సంగతి. పైపు గుండ్రటి ముఖాన్ని గడియారంలా ఊహించుకుంటారు. పైన 12, అడుగున 6. ఉదాహరణకు, మ్యాన్‌హోల్ నుంచి 14 మీటర్ల దూరంలో 3 గంటల దగ్గర వేర్లు ఉన్నాయి అని రాస్తారు. తర్వాత దానికి గ్రేడు ఇస్తారు. అమెరికాలో నాస్కో అనే సంస్థ రూపొందించిన పద్ధతిలో గ్రేడు 1 అంటే చిన్న లోపం, 5 అంటే తక్షణం పట్టించుకోవాల్సింది. బ్రిటన్ 1980లోనే ఇలాంటి వర్గీకరణ పుస్తకం తెచ్చింది.

ఇదంతా కాగితాల పనిలా కనిపించవచ్చు. కానీ అందరూ ఒకే భాషలో రాసుకుంటేనే, అయిదేళ్ల కిందట గ్రేడు 2 ఉన్న పగులు ఇప్పుడు 4కు చేరిందని పోల్చి చూడగలం. లేకపోతే ఎన్ని గంటల వీడియో ఉన్నా అది హార్డ్‌డిస్క్‌లో పడి ఉండటమే తప్ప ఉపయోగం ఉండదు.

కెమెరాకు కనిపించనివి ఎలా పట్టుకుంటారు?

కెమెరాకు పరిమితులున్నాయి. మురుగు నీటి కింద ఏముందో అది చూడలేదు. కాంక్రీటు ఎంత మందం అరిగిందో కచ్చితంగా కొలవలేదు. పైపు వెనక మట్టి కొట్టుకుపోయి ఖాళీ ఏర్పడినా దానికి తెలియదు. అందుకే వేర్వేరు పనులకు వేర్వేరు పరికరాలు వచ్చాయి.

సోనార్: నీటిలోకి శబ్ద తరంగాలు పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బట్టి అడుగున ఎంత బురద పేరుకుందో గీసి చూపిస్తుంది. నిండుగా పారే పెద్ద లైన్లను ఖాళీ చేయడం కుదరదు. అక్కడ ఇది అక్కరకొస్తుంది.

లేజర్: నీటి పైన ఉన్న పైపు గోడ ఆకారాన్ని కొలుస్తుంది. వేసినప్పటి కొలతతో పోల్చితే ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లు అరిగింది, ఎక్కడ పైపు నొక్కుకుపోయింది అన్నది తేలుతుంది. పెద్ద లైన్లలో కెమెరా, లేజర్, సోనార్ మూడింటినీ ఒకే తెప్ప మీద పంపడం ఇప్పుడు పెరుగుతోంది.

శబ్ద పరీక్ష: ఒక మ్యాన్‌హోల్ దగ్గర శబ్దం చేసి, పక్క మ్యాన్‌హోల్ దగ్గర వింటారు. పైపు ఖాళీగా ఉంటే శబ్దం బాగా వినిపిస్తుంది, అడ్డంకి ఉంటే తగ్గుతుంది. అమెరికాలో వాడే ఒక పరికరం మూడు నిమిషాల్లోపే సున్నా నుంచి 10 వరకు స్కోరు ఇస్తుంది. సున్నా అంటే పూర్తిగా మూసుకుపోయింది, 10 అంటే ఏ అడ్డూ లేదు. పైపులోకి ఏదీ దింపక్కర్లేదు, ముందుగా కడగక్కర్లేదు. కాబట్టి ఏ లైనుకు కెమెరా అవసరమో, ఏ లైనును వదిలేయవచ్చో త్వరగా తేల్చుకోవచ్చు.

పొగ పరీక్ష: హాని చేయని పొగను ఫ్యాన్‌తో పైపులోకి ఊదుతారు. పగుళ్లున్న చోట నేలలోంచి పొగ వస్తుంది. వాన నీటి పైపును దొంగచాటుగా డ్రైనేజీలో కలిపిన ఇంటి డాబా మీద నుంచి కూడా వస్తుంది.

డ్రోన్లు: చుట్టూ పంజరం లాంటి రక్షణ ఉన్న చిన్న డ్రోన్లు పెద్ద సొరంగాల్లో ఎగురుతూ వీడియో తీస్తాయి. గోడకు తగిలినా పడిపోవు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఫ్లయబిలిటీ కంపెనీ డ్రోన్లు ఈ పనికి పేరుపొందాయి.

ఏఐ ఏం మార్చింది?

కెమెరా తీసిన వీడియోను గంటల తరబడి ఒక మనిషి కూర్చుని చూడాలి. అలసట వస్తుంది, కొన్ని పగుళ్లు కంటికి ఆనవు. ఒకే లోపానికి ఇద్దరు ఆపరేటర్లు వేర్వేరు గ్రేడులు ఇవ్వడమూ మామూలే. ఏఐ అడుగుపెట్టింది ఇక్కడే. వీడియోలోంచి పగులు, వేరు, జారిన జాయింటు లాంటివాటిని గుర్తించి, పేరు పెట్టి, మనిషి సరిచూసేందుకు సిద్ధం చేస్తుంది.

ఇలాంటి ప్రోగ్రాములకు నేర్పడానికి లక్షల ఫొటోలు కావాలి. డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో 13 లక్షల చిత్రాలతో ఒక డేటాసెట్‌ను విడుదల చేశారు. అక్కడి మూడు నీటి సంస్థలు ఏళ్ల తరబడి తీసిన వీడియోల నుంచి వాటిని సేకరించారు.

అయితే డెన్మార్క్ పైపులు చూసి నేర్చుకున్న ప్రోగ్రాము మన పైపులనూ అంతే బాగా చదువుతుందన్న భరోసా లేదు. మన లైన్లలో ప్లాస్టిక్ కవర్లు, భవన నిర్మాణ చెత్త, ఇసుక ఎక్కువ. ఇక్కడి పైపుల చిత్రాలతో, ఇక్కడి ఇంజనీర్లు గుర్తులు పెట్టిన డేటాతో నేర్పిస్తేనే అది ఇక్కడ పనికొస్తుంది.

పొంగకముందే తెలుసుకోవచ్చా?

కొంతవరకు తెలుసుకోవచ్చు. మ్యాన్‌హోల్ మూత కింద సెన్సర్ అమర్చితే నీటి మట్టం ఎప్పటికప్పుడు కంట్రోల్ రూమ్‌కు చేరుతుంది. వాన లేకపోయినా మట్టం పెరుగుతోందంటే కింద ఎక్కడో అడ్డుపడిందని అర్థం. పొంగి ఫిర్యాదు వచ్చేలోపే బండిని పంపవచ్చు.

అమెరికాలోని సౌత్ బెండ్ నగరం 2008 ప్రాంతంలో మొదలుపెట్టి తన మురుగు లైన్లలో 100కు పైగా సెన్సర్లు పెట్టింది. ఏ లైనులో చోటుందో చూసుకుని నీటిని అటు మళ్లించే గేట్లను వాటికి జోడించింది. వానలప్పుడు నదిలోకి పొంగిపోయే మురుగు చాలా వరకు తగ్గింది.

మురుగు నీరు ఊరి ఆరోగ్యం గురించి కూడా చెబుతుంది. 2020లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు మురుగు శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తీసి, నగరంలో సుమారు 6.6 లక్షల మందికి కరోనా సోకి ఉండవచ్చని అంచనా వేశారు. పరీక్షల్లో తేలిన కేసుల కంటే అది చాలా ఎక్కువ. 2022లో లండన్ మురుగు నీటిలో పోలియో వైరస్ ఆనవాళ్లు దొరకడంతో అక్కడ చిన్నపిల్లలకు అదనపు డోసు వేశారు. ఒక్కొక్కరికీ పరీక్ష చేయకుండానే ఒక ప్రాంతం మొత్తం సంగతి తెలుసుకునే మార్గం ఇది.

రోడ్డు తవ్వకుండా బాగుచేయగలరా?

చాలా సందర్భాల్లో చేయగలరు. పాత పైపు లోపలే కొత్త పైపును తయారుచేసే పద్ధతి ఉంది. రెసిన్‌లో తడిపిన మెత్తటి గొట్టాన్ని మ్యాన్‌హోల్ నుంచి లోపలికి పంపి, గాలితోనో నీటితోనో ఉబ్బిస్తారు. అది పాత పైపు గోడకు అతుక్కుంటుంది. వేడి నీళ్లు, ఆవిరి లేదా అల్ట్రావయొలెట్ కాంతితో దాన్ని గట్టిపరుస్తారు. 1971లో లండన్‌లో ఎరిక్ వుడ్ అనే ఇంజనీర్ తొలిసారి ఈ పద్ధతిని వాడారు.

పైపు పూర్తిగా కూలిపోయాక ఇది కుదరదు. అప్పుడు తవ్వాల్సిందే. సమయానికి తనిఖీ చేస్తే కలిగే లాభం ఇక్కడే తెలుస్తుంది. గ్రేడు 3లో దొరికిన పైపుకు లోపలి నుంచి పూత వేస్తే పని అయిపోతుంది. అదే కూలిన తర్వాత అయితే రోడ్డు మూయాలి, ట్రాఫిక్ మళ్లించాలి, నెలల తరబడి పని నడవాలి.

మన నగరాల్లో పరిస్థితి ఏమిటి?

1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో రూపుదిద్దుకున్న హైదరాబాద్ డ్రైనేజీ వ్యవస్థ 1931లో మొదలైంది. అప్పుడు దాన్ని 54 చదరపు కిలోమీటర్లకు, 4.68 లక్షల మందికి సరిపోయేలా కట్టారు. నేడు నగర జనాభా కోటి దాటింది. పాత లైన్ల మీదే కొత్త కాలనీలు, అపార్ట్‌మెంట్లు వచ్చి కలిశాయి. వానాకాలంలో వాన నీరు కూడా అందులోకే వెళ్తోంది.

2017లో జలమండలి ఇరుకు సందుల్లోకి వెళ్లగల 70 మినీ జెట్టింగ్ మిషన్లను రంగంలోకి దింపింది. దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీ సహకారంతో ఈ బండ్ల యాజమాన్యాన్ని దళితులకే అప్పగించారు. తర్వాత 2019లో ఢిల్లీ కూడా దాదాపు ఇదే పద్ధతిలో 200 బండ్లను తెచ్చుకుంది. ఒకప్పుడు గుంతలోకి దిగాల్సి వచ్చిన సామాజిక వర్గాల వారే బండికి యజమానులు కావడం ఈ ప్రయోగంలోని ప్రత్యేకత.

రోబోల విషయానికొస్తే దేశంలో బాగా పేరొచ్చింది కేరళకు చెందిన జెన్‌రోబోటిక్స్ తయారుచేసిన బ్యాండికూట్‌కు. 2018లో తిరువనంతపురంలో తొలిసారి వాడారు. దీని వెనక మనకు సంబంధించిన విషాదం ఉంది. 2015 నవంబరులో కోజికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో దిగిన ఇద్దరు ఆంధ్రప్రదేశ్ కార్మికులు, వాళ్లను కాపాడబోయిన ఒక స్థానిక ఆటో డ్రైవర్ చనిపోయారు. ఆ ఘటన కేరళకు చెందిన కొందరు ఇంజనీరింగ్ విద్యార్థులను ఈ రోబో వైపు నడిపించింది. దాని పేరులోనూ తెలుగు ఉంది. బ్యాండికూట్ అనే ఇంగ్లిష్ మాట మన పందికొక్కు నుంచే పుట్టింది. కెమెరాలు, గ్యాస్ సెన్సర్లు ఉన్న ఈ రోబో చేయి మ్యాన్‌హోల్‌లోకి దిగి బురదను తోడి బకెట్‌లో పైకి తెస్తుంది. ఆపరేటర్ పైన నిలబడి స్క్రీన్ చూస్తూ నడుపుతాడు.

సెప్టిక్ ట్యాంకుల కోసం ఐఐటీ మద్రాస్ హోమోసెప్ అనే రోబోను రూపొందించింది. తిరిగే బ్లేడ్లతో గడ్డకట్టిన మలాన్ని చిలికి, పంపు లాగగలిగేంత పలుచగా చేస్తుంది. తొలి యూనిట్లను తమిళనాడులో, ఇదే పనిలో భర్తలను పోగొట్టుకున్న మహిళలు నడిపే స్వయం సహాయక సంఘాలకు ఇచ్చారు.

కేంద్రం 2023లో నమస్తే పథకాన్ని ప్రారంభించింది. ఈ పని చేసేవారిని గుర్తించి నమోదు చేయడం, శిక్షణ, రక్షణ పరికరాలు, ఆరోగ్య బీమా ఇవ్వడం, బండ్లు కొనుక్కోవడానికి సబ్సిడీ ఇవ్వడం దీని ఉద్దేశాలు. 2023 కేంద్ర బడ్జెట్‌లో మ్యాన్‌హోల్ నుంచి మెషీన్‌హోల్‌కు మారతామని ఆర్థిక మంత్రి ప్రకటించారు.

అయినా చావులు ఆగలేదు. 2022, 2023లలో జరిగిన 54 మరణాలపై ప్రభుత్వం సోషల్ ఆడిట్ చేయిస్తే, 49 మందికి ఒంటి మీద ఏ రక్షణ పరికరమూ లేదని తేలింది. యంత్రాలు కార్పొరేషన్ యార్డులో ఉండవచ్చు. కానీ చాలా మరణాలు ప్రైవేటు కాంట్రాక్టర్ల దగ్గర, ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో, హోటళ్లలో జరుగుతున్నాయి. వెయ్యి, రెండు వేలకు దొరికే కూలీ ఉన్నంతకాలం మిషన్‌ను పిలిచే ఓపిక చాలామందికి ఉండటం లేదు.

చట్టం ఏం చెబుతోంది?

2013 నాటి చట్టం ప్రకారం రక్షణ పరికరాలు, శుభ్రపరిచే సాధనాలు ఇవ్వకుండా మురుగు లైనులోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ మనిషిని దింపడం నేరం. ఈ నిషేధం మున్సిపాలిటీకే కాదు, ఏ వ్యక్తికైనా, ఏ సంస్థకైనా వర్తిస్తుంది. నేరుగా దింపినా, కాంట్రాక్టర్ ద్వారా దింపినా ఒక్కటే. అంటే మీ ఇల్లు, మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కూడా ఇందులోకి వస్తాయి. మొదటిసారి రెండేళ్ల వరకు జైలు లేదా రూ.2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే అయిదేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా. కేసు నాన్‌బెయిలబుల్.

మనిషి దిగక తప్పని సందర్భాలు కొన్నే ఉన్నాయని నిబంధనలు చెబుతున్నాయి. యంత్రం పెట్టలేని చోట పాడైన మూత తీయడం, కొత్త లైను కలపడం లాంటివి. అప్పుడు కూడా పూర్తి రక్షణ పరికరాలు ఉండాల్సిందే. వీటికి బయట ఇంకేదైనా అత్యవసరం వస్తే స్థానిక సంస్థ ముఖ్య అధికారి కారణాలు రాసి, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి.

సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చిలో సుప్రీంకోర్టు మృతుల కుటుంబాలకు రూ.10 లక్షల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఈ సంస్థకు నాయకత్వం వహిస్తున్న బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లో పారిశుద్ధ్య పనిచేసిన కుటుంబంలో పుట్టారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసె అవార్డు వచ్చింది. 2023 అక్టోబరులో కోర్టు ఆ పరిహారాన్ని రూ.30 లక్షలకు పెంచింది. 2025 జనవరి 29న హైదరాబాద్ సహా ఆరు మెట్రో నగరాల్లో మనుషులతో మురుగు లైన్ల శుభ్రతను నిలిపేయాలని ఆదేశించింది.

మీరేం చేయవచ్చు?

ఫిర్యాదు చేసేటప్పుడు: హైదరాబాద్‌లో డ్రైనేజీ సమస్యకు జలమండలి నంబరు 155313. ఇతర నగరాల్లో మీ మున్సిపాలిటీ ఫిర్యాదుల విభాగాన్ని సంప్రదించండి. ఒకే మ్యాన్‌హోల్ నెలకోసారి పొంగుతుంటే ఊరికే క్లీనింగ్ కాదు, కెమెరా తనిఖీ కావాలని రాతపూర్వకంగా అడగండి. పదేపదే అదే చోట పొంగుతోందంటే లోపం పైపులోనే ఉండే అవకాశం ఎక్కువ.

కొత్త రోడ్డు వేసే ముందు: కింద ఉన్న డ్రైనేజీ లైనును కెమెరాతో చూశారా అని కాలనీ సంఘం తరఫున అడగండి. రోడ్డు వేసిన ఆరు నెలలకే తవ్వే పరిస్థితి దీనివల్ల కొంత తగ్గుతుంది. కొత్త లైను వేసిన కాంట్రాక్టర్‌కు బిల్లు చెల్లించే ముందు వీడియో రికార్డు తీసుకోవడం చాలా దేశాల్లో ఆనవాయితీ.

పాత ఇల్లు కొనేటప్పుడు: బ్రిటన్‌లో ఇల్లు కొనేవాళ్లు డ్రైనేజీ పైపుకు కెమెరా సర్వే చేయించుకోవడం మామూలే. మన నగరాల్లోనూ పుష్ కెమెరాతో ఇంటి పైపులు చూసే ప్రైవేటు సర్వీసులు ఉన్నాయి. గోడలు, నేల పగలగొట్టే ముందు ఒకసారి పైపు లోపలికి చూడటం నయం.

వంటింట్లో: వాడిన నూనె సింకులో పోయకండి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, వెట్ వైప్స్ టాయిలెట్‌లో వేయకండి.

వాన పడినప్పుడు: నీళ్లు పోవాలని మ్యాన్‌హోల్ మూత తెరవకండి. జలమండలి చట్టం ప్రకారం అది నేరం. నీళ్లలో కనిపించని ఆ గుంతలో ఎవరైనా పడిపోవచ్చు. పైగా వాన నీరంతా మురుగు లైనులోకి వెళ్లి కింది వీధిలో పొంగుతుంది.

సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు: నమోదైన వాక్యూమ్ బండినే పిలవండి. 14420 నంబరు సెప్టిక్ ట్యాంకులు, మురుగు లైన్ల సేవల కోసమే పెట్టారు. కాంట్రాక్టర్ వచ్చాక అడగాల్సిన ప్రశ్న ఒకటే: లోపలికి ఎవరైనా దిగుతారా? అవునంటే పని ఆపేయండి. వచ్చిన వ్యక్తి అలవాటే అన్నా, అయిదు నిమిషాల పనే అన్నా ఒప్పుకోవద్దు. ఎవరైనా లోపల పడిపోతే వెనక ఇంకెవరినీ దింపకుండా 101కు, 108కు ఫోన్ చేయండి. ఆక్సిజన్ సిలిండర్‌తో దిగగలిగే ఫైర్ సిబ్బందే వాళ్లను బయటకు తేగలరు.